దేవసహాయం చేలో దిగిన హెలికాప్టరు

ఎనభై రెండులో ఒక ఉదయం, ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో సైన్సు మాస్టరు దేవసహాయం చేనికి పోయి పిట్టలు తోలాలనుకున్నాడు. జొన్న కంకులు అప్పుడప్పుడే పాలు పట్టాయి. అవి ఇల్లు చేరితేనే ఏడాదంతా సంగటి. భార్య సువార్తమ్మ గుమ్మం దాకా వచ్చి మరీ గుర్తు చేసింది. పాపం, ఆయన టీ అంగడి దగ్గర ఆగాడు.

అక్కడ పెద్ద రైతు పుల్లయ్య దిగులుగా కూర్చున్నాడు. మంత్రిగారి హెలికాప్టరు దిగడానికి, పుల్లయ్య కొర్ర కోసిన చేలో తాలూకాఫీసు వాళ్లు సున్నంతో గుండ్రం గీసి పోయారు.

"సారూ, ఇంత జాగా సాల్తాదా?"

"సాల్తాదిలే అన్నా. హెలికాప్టరు నిలువునా దిగుతాది. విమానానికైతే పరుగెత్తను పొడుగు జాగా కావల్ల."

అక్కడితో ఆపితే పోయేది. నంద్యాల లైబ్రరీలో చదివిన సంగతి ఆయన నోట్లో ఆగలేదు.

"అమెరికాలో మూడో రకం చేస్తాండారు. రెక్కల కొసన పెద్ద ఫ్యాన్లు. పైకి తిప్పితే హెలికాప్టరు మాదిరి లేస్తాది. ముందుకు వంచితే విమానం మాదిరి జోరుగా పోతాది."

"సగం వంగి ఇరుక్కుంటే?"

"పరుగెత్తుకుంటా దిగల్ల."

"మంత్రి దాంట్లో వస్తే?"

అది మన దేశంలోనే లేదని చెప్పాలి. నోరు తెరుచుకుని వింటున్న జనం ముందు మనసొప్పలేదు.

"చెప్పలేం," అని, వేళయిందని బడికి పోయాడు.

పుల్లయ్య లేచి సున్నపు గుండ్రం దగ్గరికి పోయాడు. మంత్రికేమన్నా అయితే మొదట పట్టుకునేది తననే. గుండ్రానికి తూర్పున దేవసహాయం చేను. ఊరి పనని పుల్లయ్య కబురు పెడితే, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇంటికో కొడవలి వచ్చింది. సాయంత్రం దేవసహాయం వచ్చేసరికి చేను నున్నగా ఉంది.

"ఏందన్నా ఇది?"

"నువ్వు చెప్పిందే గదా సారూ. పరుగెత్తను."

"అది ఈడికి రాదన్నా."

"పొద్దున చెప్పలేమంటివే."

సువార్తమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు మంత్రిగారు మామూలు హెలికాప్టరులోనే వచ్చారు. సున్నపు గుండ్రం నిండా జనం కిక్కిరిసి నిలబడ్డారు. హెలికాప్టరు ఒక చుట్టు తిరిగి, ఖాళీగా కనిపించిన దేవసహాయం చేలో నిలువునా దిగింది, ఒక్క అడుగైనా పరుగెత్తకుండా. ఎద్దులకైనా పనికొస్తుందని ఆయన కుప్పేసుకున్న పచ్చి చొప్ప ఆ గాలికి ఎగిరిపోయింది.

ఇంత మంచి జాగా ఎవరిదని మంత్రిగారు అడిగారు. పుల్లయ్య దేవసహాయాన్ని ముందుకు నెట్టాడు. మంత్రిగారు తన మెడలో దండ తీసి ఆయనకు వేశారు.

"ఏం పండుతుంది మాస్టారూ, ఈ చేలో?"

"జొన్నలండి," అన్నాడు దేవసహాయం. "ఈ ఏడు మాత్రం హెలికాప్టరు."