ఎవరికీ అనుమతి లేదు

సుధాకర్ మంచివాడు కాదు. ఇది చంద్రరావుగారి అభిప్రాయం కాదు, ఏనాడో తేలిపోయిన సంగతి. చనిపోయిన సొంత అక్క సూర్యకళ పెద్దకార్యం భోజనాల్లో కూర్చుని, పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందన్నవాడు మంచివాడెలా అవుతాడు? ఆ పూట నుంచి, అంటే రెండేళ్లుగా, చంద్రరావుగారు ఈ బావమరిదితో మాట్లాడలేదు.

రావులపాలెం శివార్లలో ఆయనకు కొబ్బరిపీచు ఫ్యాక్టరీ ఉంది. ఆ ఉదయం ఆయనకున్న పని చిన్నది. సింగపూర్ వ్యాపారి దగ్గర్నుంచి ఆర్డరు మెయిల్లో రావాలి. సాయంత్రంలోగా సరేనని జవాబివ్వకపోతే అది తమిళనాడు వాళ్లకు పోతుంది. షెడ్డులో పీచు కట్టలు కప్పు దాకా ఉన్నాయి. ముసురు పడితే కుళ్లిపోతాయి.

మెయిలు తెరిస్తే అన్నీ లాటరీలు, బట్టతల మందులు. ఆ చెత్తలో అసలు ఉత్తరం కనపడదు. ఆఫీసు కంప్యూటర్ చూసే హేమశ్రీ చెత్త ఏరిపారేసే ఫిల్టర్ ఒకటి తెచ్చింది.

"ఏ మాటలున్న మెయిల్స్ తీసేయమంటారండి?"

"లాటరీ. బట్టతల." చంద్రరావుగారు కాస్త ఆలోచించారు. "సుధాకర్."

"ఆయన మనకి మెయిల్స్ పెట్టరు కదండి?"

"పెడితే?"

హేమశ్రీ ఆ పేరూ చేర్చింది. ఫిల్టర్ కదల్లేదు. అనుమతి లేదనీ, అడ్మినిస్ట్రేటర్‌ను అడగమనీ తెర మీద వచ్చింది.

"నా ఆఫీసులో నాకు అనుమతిచ్చేదెవడు?"

"కంప్యూటర్ పెట్టినప్పుడు సుధాకర్‌గారే అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నారండి. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది."

సుధాకర్ కాకినాడ పోర్టులో ఒక షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగి. హేమశ్రీ స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. చంద్రరావుగారు పక్కనే నిలబడి గోడమీది క్యాలెండర్ చూస్తున్నారు.

"మా బావగారు అక్కడే ఉన్నారా?" అని అడిగాడు సుధాకర్.

"లేనని చెప్పు" అన్నారు చంద్రరావుగారు, కాకినాడకు వినపడేలా.

"సరే. పాస్‌వర్డ్ మా అక్క పేరే. మెయిల్ ఫోల్డర్ సెక్యూరిటీలోకెళ్లి, ఎవ్రీవన్ అన్నచోట అలౌ మీద టిక్కు పెట్టమ్మా."

"ఎవ్రీవన్ అంటే?" అన్నారు చంద్రరావుగారు.

"అందరూ అండి."

"అందరూ అంటే, లోడింగ్ బుల్లియ్య కూడానా?"

లారీ సంగతి కనుక్కుందామని గుమ్మంలోకి వచ్చిన బుల్లియ్య, "నాకెందుకండీ బాబూ మెయిలు" అన్నాడు. వద్దనేవాణ్ణి చంద్రరావుగారు అసలు నమ్మరు.

"ఆ పక్క గడి ఏంటి?"

"డినై అండి. కుదరదని."

"అందరికీ కుదరదని పెట్టు."

"ఏదో హెచ్చరిక వస్తోందండి."

"రానీ. పెట్టు."

పెట్టింది. మెయిలు మొత్తం మూసుకుపోయింది. చంద్రరావుగారు స్వయంగా కూర్చుని నొక్కినా తెరుచుకోలేదు.

"నేను యజమానిని."

"అందరిలో మీరూ ఉన్నారండి" అంది హేమశ్రీ.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. "నన్నొక్కణ్ణే డినై చేస్తే సరిపోయేది కదమ్మా" అన్నాడు సుధాకర్. "ఇక ఫోన్లో అయ్యేది కాదు. నేనే వస్తున్నా."

మధ్యాహ్నానికి మోటార్‌సైకిల్ మీద తడిసి వచ్చాడు. చంద్రరావుగారు కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నారు.

"కాఫీ తాగుతాడేమో అడుగు. పంచదార ఎక్కువైందంటాడేమో, అది కూడా ముందే కనుక్కో" అన్నారు హేమశ్రీతో.

"ఏదిచ్చినా నోరెత్తనని చెప్పమ్మా" అన్నాడు సుధాకర్ ఆమెతోనే.

అతను డినై తీసేసి, బావగారొక్కరికే అనుమతి పెట్టాడు. ఫిల్టర్ పరుగెత్తింది. లాటరీలు పోయాయి, బట్టతలలు పోయాయి. తెర కడిగినట్టయింది.

"సింగపూర్‌ది ఏదీ?" అన్నారు చంద్రరావుగారు.

"తెరవగానే కనపడిందండి. ఫిల్టర్ మొదలవగానే పోయింది" అని హేమశ్రీ చెత్తబుట్ట తెరిచి చదివింది. "ఆర్డరేనండి. మీ సరుకు తీసుకోమని సుధాకర్‌గారు ఆరు నెలలుగా పోరుతున్నారట. ఆయన మాట మీదే ఇస్తున్నారట."

ఆర్డరును అంతదాకా కాపాడింది ఆ అనుమతి లేకపోవడమే.

"మంచి మెయిలు చెత్తలోకెందుకు పోయింది?" అంటూ సుధాకర్ ఫిల్టర్ మాటలు తెరిచాడు. లాటరీ, బట్టతల, సుధాకర్. రెండుసార్లు చదువుకున్నాడు. తల తడుముకున్నాడు.

"బట్టతల పక్కన పెట్టారేంటమ్మా. నాకింకా జుట్టుంది."

హేమశ్రీ కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది. షెడ్డు రేకుల మీద చినుకులు గట్టిగానే పడుతున్నాయి.

"వాళ్ల మెయిల్స్ అన్నిట్లో నా పేరుంటుంది" అని సుధాకర్ ఈసారి కుర్చీ వైపే తిరిగాడు. "ఫిల్టర్లోంచి నా పేరు తీసేయమంటారా బావగారూ?"

కిటికీ వైపు నుంచి జవాబొచ్చింది.

"కూరలో ఆవ సరిపోయింది."

సుధాకర్ చెత్తబుట్టలోని ఆర్డరునొకసారి, బావగారి వీపునొకసారి చూశాడు.

"సరిపోయింది బావగారూ."

"అయితే తీసెయ్యి."

జవాబు వెళ్లింది. బుల్లియ్య లారీకి టార్పాలిన్ కట్టాడు. ఆ రోజు సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదని చంద్రరావుగారు ఆఫీసులో అందరికీ చెప్పారు. అందరిలో తానూ ఉన్నట్టు ఈసారి ఆయనకు తెలుసు.