గడప మీద ఫోర్క్‌లిఫ్ట్

ఆ శుక్రవారం పొద్దున నరహరి పెట్టుకున్న ఆశలు చాలా చిన్నవి. ప్రజ్ఞాపూర్ విత్తనాల గోదాముకు తను చెప్పి కొనిపించిన, బస్తాలెత్తే కొత్త కరెంటు ఫోర్క్‌లిఫ్ట్‌కు పూజ అయిపోవాలి, లారీలోని బస్తాలు మధ్యాహ్నంలోపు లోపలికి చేరాలి, తను ఇంటికి పోయి పడుకోవాలి. ఆ బండి వివరాల పుస్తకం చదివీ చదివీ పాపం కళ్లు గుంటలు పడ్డాయి. ఎంత బరువు ఎత్తుతుంది, ఎంత పైకి లేపుతుంది, ఛార్జింగ్ ఎంతసేపు, అన్నీ తలకెక్కించుకున్నాడు. బండి పొట్టకూ నేలకూ మధ్య సందు మూడు వేళ్లే అన్న ముక్క మాత్రం వదిలేశాడు. గోదాము నేల అద్దంలా ఉంటే దాంతో పనేముంది?

"మధ్యాహ్నానికి లారీ ఖాళీ గాకపోతే నీ కుర్చీల శైలేందర్ కూసుంటడు," అన్నాడు యజమాని రాజేంద్రప్రసాద్. శైలేందర్ ఆయన బామ్మర్ది. యాభైకి దగ్గరపడ్డవాడికి ఇంకో గోదాములో ఇన్‌ఛార్జి కొలువు ఎవరిస్తారు? నరహరికి నిజంగానే భయం వేసింది.

యజమాని భార్య స్వరాజ్యలక్ష్మికేమో గడప లేని వాకిలి చూస్తే మనసొప్పదు. ముందురోజు నరహరి ఇంటికి పోయాక, షట్టర్ కింద ఆరు వేళ్ల ఎత్తున కర్ర గడప వేయించి పసుపు రాయించింది. పూజ కానిదే బండికి ఛార్జింగ్ పెట్టొద్దని కూడా చెప్పింది.

కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "నేను నడుపుత బావా!" అంటూ శైలేందర్ ఎక్కి ఒక్క ఊపున పోనిచ్చాడు. ముందు చక్రాలు గడప దాటాయి. పొట్ట గడప మీద కూర్చుంది. చక్రాలు ఊరికే తిరిగాయి తప్ప బండి కదల్లేదు.

"ఎనుక బరువు చాలుతలేదు. ఎక్కుండ్రి!" అని హమాలీలను ఎక్కించాడు శైలేందర్. బండి కర్రలోకి ఇంకాస్త దిగింది. అతడు పెడల్ వదలకుండా తొక్కి, ఉన్న కాస్త ఛార్జింగూ అవగొట్టాడు. ఛార్జర్ లోపలి గోడకుంది, దాని తీగ వాకిలిదాకా రాదు.

"రెండు టన్నులని రాసున్నది గద! అందరం పడితే లేవదా?"

"అది మోసే బరువు, శైలేందర్ సారూ. దాని సొంత బరువు మూడున్నర టన్నులు."

వింటేగా! పట్టి ఎత్తబోయి, "ఓయవ్వో!" అని నడుం పట్టుకుని కూలబడ్డాడు.

ఇక లాభం లేదని నరహరి గడ్డపార తెచ్చాడు. స్వరాజ్యలక్ష్మి అడ్డం నిలబడింది.

"పూజ చేసిన గడప మీద గడ్డపార ఏస్తవా? గదీ శుక్రారం పూట!"

"అమ్మా, లారీ..."

"లారీ పోతే ఇంకోటొస్తది. లక్ష్మి పోతే తెస్తవా?"

రాజేంద్రప్రసాద్ మొహం కందగడ్డలా అయింది. "అన్నం తినొస్త. గప్పటికి లారీల ఒక్క బస్త కనవడొద్దు," అని భార్యనూ బామ్మర్దినీ కారెక్కించుకుని పోయాడు.

నరహరికి ఏడుపొక్కటే తక్కువ. మిషనొస్తే మీకు పనుండదని హమాలీలకు నిన్న చెప్పింది తనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగాలి? అయినా మేస్త్రి ముత్తయ్య దగ్గరికి పోయాడు.

"ముత్తన్నా, నా కొలువు పోయెటట్టున్నది."

"మాది నిన్ననే పాయె గద సారూ," అన్నాడు ముత్తయ్య. కాసేపు బండిని చూసి తలగుడ్డ చుట్టుకున్నాడు. "గిది లేవకముందే మన కూలి మనం సంపాయించుకోవాలె. లెవ్వుండ్రి!"

వెనక చిన్న తలుపు తెరిచారు. ఆ బండి ఎక్కడ లేచొస్తుందో అన్నట్టు, ఒక్క బీడీ కూడా ముట్టించకుండా మోశారు. యజమాని తిరిగొచ్చేసరికి లారీలో దుమ్మే మిగిలింది.

రాజేంద్రప్రసాద్ ఖాళీ లారీ చూశాడు, చెమట కారుతున్న హమాలీలను చూశాడు, గడప మీది ఫోర్క్‌లిఫ్ట్‌ను చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూసినవా నరహరీ! రోజూ పొద్దూకేదాంక ఈడ్చెటోళ్లు, మిషనొచ్చి వాకిట్ల కూసునేసరికి ఎంత ఉషారైన్రు! మంచిది కొనిపిచ్చినవ్. నీ కుర్చీ నీదే. గిసొంటిదే ఇంకోటి చెప్పు కంపెనీకి."

నరహరికి సంతోషించే ఓపిక కూడా లేదు. వెనక తలుపు వైపు చూశాడు. దానికి ఇంకా గడప వేయించలేదు.