విరిగిన కర్ర మహిమ

ఆ ఉదయం ఆమె ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా స్టూడియోకి వెళ్ళాలి, డైరెక్టరు కాఫీ పూర్తయ్యేలోగా కాళ్ళావేళ్ళా పడి తప్పు ఒప్పేసుకోవాలి. ఆ నెలాఖరుకే ఆమె ఉద్యోగం పర్మనెంటు కావలసి ఉంది. సీరియల్లో ఒక సీను నుంచి ఇంకో సీనుకి వస్తువులూ బట్టలూ మారిపోకుండా చూసే కంటిన్యుటీ ఆమె పని. తీరా చూస్తే, తాతయ్య పాత్ర చనిపోయిన రోజున రెండు ముక్కలైన చేతికర్ర, మర్నాటి ఎపిసోడ్‌లో గోడకి ఆనుకుని నిక్షేపంగా నిలబడి ఉంది.

చెప్పులు వేసుకుంటుండగా బాబాయి ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇప్పుడు ఆ సీరియల్ అభిమానుల గ్రూపుకి పెద్ద దిక్కు.

"చూశావా? విరిగిన కర్ర అతుక్కుంది! సత్యం తప్పని ముని దండం విరిగినా మళ్ళీ అతుక్కుంటుందని పురాణగాథ. అంటే తాతయ్య బతికే ఉన్నాడు! పద్యం కూడా కట్టి గ్రూపులో పెట్టాను. అప్పుడే నలభై వేలమంది చదివారు."

"బాబాయ్, అది నా పొరపాటు. విరగ్గొట్టే సీను కోసం ఒకేలాంటివి రెండు కర్రలు తెచ్చాం, రెండోది అక్కణ్ణుంచి తీయడం మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోలేదమ్మా. నీచేత మరిపించారు," అంటూ బాబాయి భక్తిగా పైకి చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

స్టూడియోలో డైరెక్టరు అప్పటికే ఒక విలేఖరికి ఆ కర్ర వెనక ఉన్న తన మూడేళ్ళ తపస్సు గురించి వివరిస్తున్నాడు. సీరియల్ మొదలై ఏడు నెలలైంది. ఆమె నోరు తెరవబోతే చేత్తో ఆపేశాడు.

"ఇకనుంచి రోజుకో గూఢార్థం పెట్టాలి. పెద్ద కొడుక్కి గదిలో నీలం చొక్కా, వరండాలోకి రాగానే పసుపు చొక్కా. అజ్ఞానం నుంచి జ్ఞానంలోకి!"

"జనం తప్పనుకుంటారేమో సార్."

"మన జనం అంత తెలివితక్కువ వాళ్ళా?"

ఆమె నోరు మూసుకుని బుద్ధిగా చేసింది. ఉద్యోగంలో చేరాక చెప్పింది చెప్పినట్టు, పొల్లు పోకుండా చేసిన పని అదొక్కటే.

ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాడు బాబాయి గ్రూపులో నిప్పులు చెరిగాడు. "గుమ్మం దాటేలోపు చొక్కా మారిపోయిందట! ఇంత పవిత్రమైన కథని పాడుచేస్తున్న ఆ కంటిన్యుటీ మనిషిని వెంటనే పీకెయ్యాలి." లక్షమంది పీకెయ్యాల్సిందేనన్నారు.

"ఆ మనిషిని నేనే బాబాయ్!" ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"తెలుసమ్మా. కానీ విమర్శకుడికి చుట్టరికాలుండవు. తిన్నావా?"

గూఢార్థాలన్నీ తనవనీ, చొక్కా మాత్రం ఆమెదనీ డైరెక్టరు విలేఖరి దగ్గర తేల్చేశాడు. సాయంత్రానికి ఆమె చేతికి కాగితం వచ్చింది. పర్మనెంటు చేసింది కాదు, ఉద్యోగంలోంచి తీసేసింది.

ఇంటికి వచ్చి సోఫాలో కూలబడి భోరుమంది. బాబాయికి మనసు చివుక్కుమంది. ఆ కాగితం అందుకుని మెల్లగా చదివాడు. ఆఫీసు గుమస్తా తొందరలో కిందటేడాది తేదీ వేశాడు. ఆ తేదీకి ఆమె అసలు ఉద్యోగంలోనే చేరలేదు.

బాబాయి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇది ఊరికే పడిన తేదీ కాదమ్మా," అంటూ నోటుబుక్కు తెరిచాడు.