కిరాయింట్లో రెండోసారి పాలు

ఆ గురువారం పొద్దున సరోజన పెట్టుకున్న పని చిన్నదే. కొత్త గిన్నెలో పాలు పొంగించాలి, ఆ పాలతో పరమాన్నం వండాలి, ఐదుగురు ముత్తయిదువులకు పసుపు కుంకుమ ఇచ్చి మళ్లీ కుట్టుమిషను మీద కూర్చోవాలి. పండుగా కాదు, పబ్బమూ కాదు. వట్టి భయం. భయానికి ఆమెకు తెలిసిన మందు అదొక్కటే.

సూర్యాపేటలో ఆ ఇల్లు ఆమెది కాదు, కిరాయిది. ముందుగదిలో ఆమె జాకెట్లు కుడుతుంది. భర్త భిక్షపతి ట్రాలీ ఆటోలో కోదాడ, మిర్యాలగూడ మిల్లులకు బస్తాలు తోలుతాడు. ఇంటి యజమాని ధాన్యం వ్యాపారి ఓంప్రకాష్ పోయిన వారం వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప బయటే నిలబడి, "నెలాఖరుకు ఖాళీ చెయ్యాలె. లేకుంటె మీ సామాను బజాట్ల ఉంటది" అని చెప్పి వెళ్లాడు.

ఆ రోజు నుంచి సరోజనకు ముద్ద దిగడం లేదు. కొత్త ఇల్లు వెతికితే ఒకచోట మిషను చప్పుడు వద్దన్నారు. ఇంకోచోట కులం అడిగారు. మూడోచోట ఆమె పేరూ ఊరూ చెప్పిన తర్వాత, గది నిన్ననే ఇచ్చేశామన్నారు. ఆ గేటుకు "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అన్న బోర్డు ఇప్పటికీ వేలాడుతోంది. కళ్లు మూసుకుంటే చాలు, నడిబజారులో మిషను, దాని మీద మంచం, మంచం మీద బియ్యం డబ్బా కనిపించేవి.

కోర్టు ఆవరణలో బీదవాళ్లకు వకీలును ఊరికే ఇస్తారని భిక్షపతి ఎక్కడో మైకులో విని వచ్చాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అని వింటూ పెరిగిన మనిషి సరోజన. అయినా గుండె చిక్కబట్టుకుని వెళ్లింది. అక్కడ ఆమెకు దొరికిన వకీలు పేరు స్వాతి. నల్లకోటు వేసుకున్న చిన్నవయసు పిల్ల.

"కోర్టు ఆర్డరు లేకుండ నిన్నెవ్వరు బయటికి తోలలేరక్కా. సేటుకు నోటీసు పంపుదం. నాకు నువ్వేం ఇయ్యొద్దు. గూడు పోయేటట్టున్నోళ్ల కోసమని సర్కారు పైసలు మంజూరు చేసింది, నా ఫీజు అండ్లకెళ్లే వస్తది."

"నడుమల సర్కారు పైసలు ఆగిపోతె?"

స్వాతి నవ్వింది గానీ, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. "పైసలు ఆగుడు మాకు అలవాటే. నేనైతె ఆగ. ఒక్కటే మాట, నోటీసు ముట్టేదాక ఈ ముచ్చట ఎవ్వరికి చెప్పకు. ఆ ఇంట్లకెళ్లి కదలకు."

సరోజనకు ఊరికే వచ్చిన వకీలు మీద సగం నమ్మకమే కుదిరింది. మిగతా సగానికి దేవుడి సాయం కావాలి కదా! అసలు ఈ గండం ఎక్కడ మొదలైందా అని ఆలోచించింది, ఆలోచించగా దొరికింది. ఈ ఇంట్లో చేరిన రోజు పాలు పొంగలేదు, విరిగిపోయాయి. అప్పుడు తొందరలో ఎవరూ పట్టించుకోలేదు.

"పాలు ఇరిగిన ఇంట్ల మనల్ని ఎట్ల ఉండనిస్తరయ్యా?" అని భర్తను అడిగింది.

"అయితె మల్ల పొంగియ్యి, ఎవరొద్దన్నరు?" అన్నాడు భిక్షపతి.

అలా పొంగాయి పాలు. ఈసారి మంచి చిక్కటి పాలు, పొయ్యంతా పారాయి. సరోజన ప్రాణం కొంచెం కుదుటపడింది. గుమ్మానికి మామిడి తోరణం కట్టి, గడపకు పసుపు రాసింది. భిక్షపతి రెండు గరిటెల పరమాన్నం తిని మిర్యాలగూడ లోడుకు బయలుదేరాడు.

ముత్తయిదువుల్లో ఎదురింటి అహల్య ముందుగా వచ్చింది. తోరణం చూసింది, పొయ్యి చూసింది.

"గిదేంది సరోజనక్కా, ఇన్నేండ్లకు గిప్పుడు పాలు పొంగిచ్చుడేంది?"

నిజం చెప్పకూడదు. అబద్ధం చెప్పడం సరోజనకు చేతకాదు. రెంటికీ మధ్య ఆమె నోటికి వచ్చింది ఇదీ: "ఏం లేదే. ఇగ గీ ఇంట్లకెళ్లి మమ్ముల ఎవ్వరు కదిలియ్యలేరు. కాయితాల పని నడుస్తున్నది, గంతే."

తోరణం, పరమాన్నం, కాయితాలు. అహల్యకు లెక్క కుదిరింది. గిన్నెలో పరమాన్నం అయిపోకముందే కోదాడలో ఉన్న తారాకు ఫోన్ చేసింది. తారా ఓంప్రకాష్ చెల్లెలు, అహల్యతో కలిసి చదువుకుంది. "మీ అన్న ఇల్లు అమ్మిండంట గదే! సరోజన గృహప్రవేశం గూడ చేసుకున్నది."

ఆ ఇల్లు వాళ్ల నాన్న కట్టించినది. ముగ్గురు పిల్లలకూ అందులో వాటా ఉంది, పంపకాలు ఇంకా కాలేదు. తారా వెంటనే మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే తమ్ముడు విష్ణువర్ధన్‌కు ఫోన్ కలిపింది. ఆ సమయానికి అతని కళ్లముందు బస్తాలు దించుతున్నది ఎవరో కాదు, మన భిక్షపతే.

"ఏం భిక్షపతీ, ఇంట్ల పాలు పొంగిచ్చిన్రంట?"

అడుగుతున్నవాడు ఇంటి యజమానికి స్వయానా తమ్ముడు. ఇలాంటప్పుడు పొగడ్త మంచిదనుకున్నాడు భిక్షపతి. "అవు సేటు! అంత మీ అన్న దయ."

విష్ణువర్ధన్ వెంటనే కారెక్కాడు. భిక్షపతి భార్యకు ఫోన్ చేశాడు. "సరోజనా, మిల్లు సేటు నీ దిక్కే వస్తుండు, మొకం మంచిగ లేదు. తలుపు పెట్టుకో!"

సరోజన తలుపు గడియ పెట్టింది. గడియ మీద నమ్మకం చాలక మిషనును ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. స్వాతికి ఫోన్ చేస్తే, "తియ్యకక్కా, నేను వస్తున్న" అంది. ఆ తర్వాత సరోజన కిటికీ రెక్క సందులోంచి వీధిని చూస్తూ కూర్చుంది. పాలు పొంగించినా తప్పలేదా అనుకుంది.

ముందు కోదాడ కారు వచ్చింది, దాని వెనకే మిర్యాలగూడ కారు. తర్వాత వాళ్ల ఫోన్లు అందుకున్న ఓంప్రకాష్ స్కూటర్ మీద చెమటలు కక్కుతూ వచ్చి దిగాడు. ఎవరిదో చెయ్యి తలుపును దబదబా బాదింది. ఆ దెబ్బకు మిషను మీది దారపు ఉండలు దొర్లి కిందపడ్డాయి. సరోజన కూడా దాదాపు పడింది.

"ఏంటన్నయ్యా ఇది! నాన్న కట్టిన ఇంటిని గుట్టుచప్పుడు కాకుండా అమ్మేస్తావా? మా వాటాలు ఏమయ్యాయి?" ఇది తారా గొంతు.

"ఎవలమ్మిన్రే? గీమెకు ఇల్లు కొనేటంత ఉన్నదా?" అన్నాడు ఓంప్రకాష్.

"పాలు పొంగిచ్చిన్రు గదన్నా! నీ దయ అని ఆమె మొగడే చెప్పిండు!" అని అరిచాడు విష్ణువర్ధన్.

సరిగ్గా అప్పుడే స్వాతి స్కూటీ వచ్చి ఆగింది. నల్లకోటు, చేతిలో ఫైలు.

"సూడు సూడు, రిజిస్ట్రేషన్‌కు వకీలు గూడ వచ్చింది! ఇంక అమ్మలే అంటవా?" అన్నాడు విష్ణువర్ధన్ అన్నతో.

ఓంప్రకాష్‌కు తల తిరిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి వీధంతా వినబడేలా మొత్తుకున్నాడు. "అమ్మ తోడు! నేను సరోజనకు అమ్మలే! కొనేటాయన హుజూర్‌నగరాయన! అడ్వాన్సే తీస్కున్న, రిజిస్ట్రేషన్ ఇంక కాలే!"

మాట పూర్తిగా బయటికి వచ్చాక గానీ తానేమన్నాడో అతనికే తెలియలేదు. ఎదురింటి గేటు దగ్గర అహల్య తన చెవులను తానే మెచ్చుకుంది.

స్వాతి గడప దగ్గరకు వచ్చి, తాను సరోజనకు సర్కారు ఊరికే ఇచ్చిన వకీలునని, ఖాళీ చేయించడాన్ని ఆపమని నోటీసు ఇవ్వడానికి ఆమె తనను పెట్టుకున్నదని, పాలకూ తనకూ సంబంధం లేదని చెప్పింది. సరోజన మిషను పక్కకు జరిపి తలుపు జానెడు తీసింది. తారా ఆ జానెడు సందులోనే ఆమె చెయ్యి పట్టుకుంది.

"సరోజనా, నువ్వు మాత్రం కదలకమ్మా. నువ్వు ఖాళీ చేసిన మర్నాడే అన్నయ్య దీన్ని ఆ హుజూర్‌నగర్ ఆయన చేతిలో పెట్టేస్తాడు."

"అవునక్కా, పంపకాలు అయ్యేదాక నువ్వే ఉండు," అన్నాడు విష్ణువర్ధన్.

ఓంప్రకాష్ తమ్ముడి వైపు చూశాడు, తమ్ముడి కారు వైపు చూశాడు. ఇల్లు ఖాళీ అయితే ముందుగా తాళం వేసేది ఎవరో అతనికి అర్థమైంది. "ఉండు సరోజనా," అన్నాడు చిన్నగా. ఈసారి చెప్పులు విప్పి మరీ అన్నాడు.

"అయితె ముగ్గురు ఇదే మాట కాయితం మీద రాసియ్యున్రి," అంది స్వాతి ఫైలు తెరుస్తూ.

సరోజన గడప మీదే కూలబడింది. వారం రోజుల భయమంతా ఒక్కసారిగా కళ్లలోంచి కారిపోయింది. బజారులో మిషను, మంచం, బియ్యం డబ్బా ఇక కనిపించలేదు. కాసేపటికి పమిటతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లి, మిగిలిన పరమాన్నం గిన్నెల్లో పెట్టి అందరికీ ఇచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ముగ్గురూ తిన్నారు.

తిన్నాక తారా స్వాతిని పక్కకు పిలిచింది. "మేడమ్, మీరు ఊరికే వాదిస్తారటగా? నాకు కూడా దొరుకుతుందా?"

"ఆడోళ్లకు ఆస్తి ఉన్నా లేకున్నా దొరుకుతది. కాని నేను సరోజనక్క వకీలును. ఆఫీసుకు రాన్రి, మీకు వేరేవాళ్లను పెడతరు."

ఓంప్రకాష్ గిన్నె కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "మరి మగోళ్లకు, మేడం?"

"ఆదాయం తక్కువుంటె దొరుకుతది సేటు."

తాను బీదవాడు కానందుకు ఓంప్రకాష్ జీవితంలో మొదటిసారి బాధపడ్డాడు.