తొమ్మిదిన్నరకు దొంగలు

డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన్ని శిష్యులంతా బ్రేకు మాస్టారు అనేవారు. ఎదురుగా ఎండుటాకు రాలినా ఆయన కాలు తటాలున బ్రేకు మీద పడేది. ఆ ఉదయం చేయాల్సిన పని మాత్రం కుర్చీలో కూర్చుని చేసేదే.

"పది లోపల హాస్పిటల్ సైట్లో అమ్మ మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయం చెయ్యండి. దాటితే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు," అని చెప్పి, టీచరమ్మ అయిన భార్య పక్కవీధిలోని బడికి వెళ్ళిపోయింది.

"ఈసారైనా అవుతుందంటావా బాబూ?" మంచం మీంచి అత్తగారు మోకాలు నిమురుకుంటూ అడిగారు.

"నేనున్నాగా అత్తయ్యగారూ!"

ఇంటికి రంగులేయించినప్పుడు మూలన పడేసిన కంప్యూటరుకు నాలుగు నెలల తర్వాత ప్లగ్గు పెట్టారు మాస్టారు. సైటు తెరుచుకోలేదు. దాని బదులు ఎర్రటి అక్షరాలు వచ్చాయి: 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు. దుండగులు మీ వివరాలు దొంగిలించేందుకు ప్రయత్నిస్తుండవచ్చు.'

మాస్టారు వైరు ఊడదీసి మళ్ళీ పెట్టారు. అదే మాట. వార్తల సైటు ప్రయత్నించారు, రైలు టికెట్ల సైటు ప్రయత్నించారు. ఎక్కడికి వెళ్ళినా ఆ దుండగులే కాచుకుని ఉన్నారు! అంటే వాళ్ళు సైట్లలో లేరు, ఈ కంప్యూటర్లోనే తిష్ఠ వేశారు. పైనున్న చిన్న కెమెరా తననే గుడ్లప్పగించి చూస్తున్నట్టనిపించి దానిమీద తువ్వాలు కప్పారు. కిటికీ మూశారు. అత్తగారు హడలిపోకుండా గది తలుపు గడియ పెట్టుకుని, బావమరిదికి ఫోన్ చేసి గుసగుసగా చెప్పారు.

"ఒరేయ్, దొంగలురా! లోపలికి దూరిపోయారు. మీ అమ్మ వివరాలన్నీ వాళ్ళ చేతికి చిక్కేట్టున్నాయి. గట్టిగా మాట్లాడకు, వింటుంటారు."

వీధి చివర చెక్కసామాన్ల షాపులో రంపం మిషను హోరులో బావమరిదికి వినిపించింది మూడే మాటలు: దొంగలు, లోపల, మీ అమ్మ. ఇద్దరు పనివాళ్ళను వెంటేసుకుని, సుత్తులూ ఉలులూ పట్టుకుని పెరటి గుమ్మంలోంచి చొరబడ్డాడు.

చీకటి గదిలో మాస్టారికి మూడు జతల కాళ్ళ చప్పుడు వినిపించింది. వివరాలు దొరకలేదని మనుషులే వచ్చేశారు! బల్ల కిందకు దూరారు.

ఎవరో తలుపు బాదారు. "లోపలెవర్రా? తలుపు తియ్యి!"

"ఎవరూ లేరండీ!" అన్నారు మాస్టారు, తనకే గుర్తుపట్టరాని కీచుగొంతుతో.

"బావ గొంతు నొక్కేస్తున్నట్టున్నారు," అన్నాడు బావమరిది. "తలుపు బందుల మేకులు పీకండ్రా!"

అత్తగారు మంచం మీంచే కూతురికి ఫోన్ కొట్టారు. "మీ ఆయన్ని గదిలో బంధించారే తల్లీ!"

భార్య రొప్పుతూ వచ్చేసరికి తలుపు నేలమీద ఉంది, బావమరిది బావగారి కాళ్ళు పట్టుకుని బల్ల కింద నుంచి లాగుతున్నాడు, మాస్టారు కళ్ళు మూసుకుని, "నా దగ్గరేం లేదు, వదిలెయ్యండి బాబూ," అంటున్నారు. సంగతంతా విని, ఆవిడ తువ్వాలు తీసి తెర మూలకు చూసింది.

"తేదీ చూశారా? పన్నెండేళ్ళ కిందటిది చూపిస్తోంది. నెలల తరబడి ప్లగ్గు పీకేస్తే లోపలి బ్యాటరీ అయిపోయి, తేదీ వెనక్కి పోయింది. తేదీ తప్పయితే ఏ సైటూ సరిగా తెరుచుకోదు. అంతే! దొంగలూ లేరు, దొరలూ లేరు."

తేదీ సరిచేయగానే సైటు చక్కగా తెరుచుకుంది. పదికి మూడు నిమిషాలుందనగా ఆపరేషన్ తేదీ దొరికింది. అత్తగారు చెంగుతో కళ్ళొత్తుకున్నారు.

"ఇలా ఊరికే హడలిపోకండి," అంది భార్య గుమ్మం దిగుతూ. "ఎవడైనా ఫోన్ చేసి వివరాలడిగితే, అప్పుడు జాగ్రత్తపడండి."

మధ్యాహ్నం ఫోన్ మోగింది. "సార్, హాస్పిటల్ నుంచి. ఆపరేషన్ ఖరారు చేసుకోవాలి. పేషెంటు పుట్టినతేదీ చెప్తారా?" అందొక తియ్యటి గొంతు.

మాస్టారు ఈసారి బల్ల కిందకు దూరలేదు. "మీ ఆటలు నా దగ్గర సాగవమ్మా! ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు, పెట్టెయ్యండి!" అని జీవితంలో మొదటిసారి ఒకరిమీద అరిచి, ఆ గొంతు మరో రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ అదే మాట చెప్పి, రొమ్ము విరుచుకుని అత్తగారి వంక చూశారు.

ఆవిడ మోకాలి ఆపరేషన్ వచ్చే నెలకు వాయిదా పడింది. అల్లుడితో మాటలు మాత్రం తేదీ లేకుండా వాయిదా పడ్డాయి.