ముందస్తుగా అరిచిన కప్ప

కప్ప అరవడమన్నది కప్ప ఇష్టం కాదు, అది పాలనాపరమైన విషయం. ఈ సత్యం లోకంలో చాలామందికి తెలియదు. కప్పలకైతే బొత్తిగా తెలియదు.

నూట పాతికేళ్ల కిందట, నిద్రపట్టని జబ్బున్న ఒక సూపరింటెండెంటు ఆఫీసు వెనక చెరువుగట్టున కూచుని, ఆ ఏడు మొదటి కప్ప అరిచిన తేదీని ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. ఎందుకు రాశాడో ఎక్కడా చెప్పలేదు. తర్వాత వచ్చినాయన, ముందాయన రాశాడు కాబట్టి తనూ రాశాడు. (ఆఫీసుల్లో శాశ్వతమైన పనులన్నీ ఇలాగే మొదలవుతాయి.) అలా ఏటా ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటూ పోగా పోగా, వాతావరణ శాస్త్రజ్ఞులు కళ్లకద్దుకునేంత పొడవైన రికార్డు తయారైంది. వానలు ముందొస్తున్నాయా, వెనకొస్తున్నాయా, నేల వేడెక్కుతోందా లేదా అని అడిగితే మనుషులు నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. కప్పకు ఏ పక్షమూ లేదు. నీళ్లు తగిలితే అరుస్తుంది.

మొదటి తొంభై ఏళ్లూ ఆ తేదీలు తోచినట్టు అటూ ఇటూ గెంతాయి. ఆ తర్వాత మెల్లగా, ఏడాదికింత, ముందుకు జరగడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం మేలుకుంది. ఇంత విలువైన రికార్డును కప్పల దయాదాక్షిణ్యాలకు వదిలెయ్యడం బాధ్యతారాహిత్యమని తేల్చి, 'తొలి కప్ప అరుపు నమోదు విభాగా'న్ని నెలకొల్పింది. ఏటా ఫలానా నెల పదో తేదీన, ఉదయం పదకొండు గంటలకు శ్రవణకాలం ప్రారంభమవుతుందని నిబంధన పెట్టింది. అంతకు ముందు వినబడిన అరుపు అరుపు కాదు. ఆనాటి నుంచి ముప్పై ఏళ్లుగా మొదటి కప్ప పదో తేదీనే అరుస్తోంది. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి కొట్టినట్టు వచ్చేది.

ఆ విభాగంలో కొత్తగా శ్రవణాధికారిణిగా చేరినావిడ అంతకు ముందు పింఛన్ల సెక్షన్లో పనిచేసేది. ఎదురుగా వచ్చి నిలబడ్డ ముసలివాళ్లు బతికే ఉన్నారని ధ్రువీకరించడం అక్కడ ఆమె పని. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలంటారు. ఆ పెద్దలు ప్రభుత్వోద్యోగాలు చెయ్యలేదు. ఆమె చాలాకాలం ప్రాణం పోకడ చూసుకుని, ప్రమోషన్ మీద వాన రాకడకు వచ్చింది. చేరే ముందు ఒక కమిటీ ఆమె చెవులను పరీక్షించి, 'రెండు. పనిచేయుచున్నవి' అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఉద్యోగంతో పాటు చెరువుగట్టున రెండు గదుల క్వార్టరూ, రోజంతా నీళ్లొచ్చే కుళాయీ దక్కాయి. ఆమె, స్కూలు బస్సు నడిపే ఆమె భర్త, కొంచెం చెముడున్న అత్తగారు అందులో దిగారు. కాలనీ వాళ్లు ఆమెకు చెవులమ్మ అని పేరు పెట్టారు. ఆమె దాన్ని పెడచెవిన పెట్టింది.

పదో తేదీకి ఇంకా మూడు వారాలుందనగా ఒక సాయంత్రం, ఎవరూ పిలవని వాన ఒకటి వచ్చిపడింది. ఆమె పెరట్లోకి పరుగెత్తి తీగ మీది బట్టలు లాగుతోంది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మాయ్, ఎవరో పిలుస్తున్నట్టున్నారే!"

"ఎవరూ లేరత్తయ్యా. కప్ప."

"అప్పా? ఎవరి దగ్గర చేశాడు వీడు?"

"అప్పు కాదు, కప్ప! చెరువులో కప్ప!"

అత్తగారు చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని కాసేపు విని, మొహం విప్పార్చుకుంది. "నాకే వినపడిందంటే, గట్టి గొంతే దానిది."

మర్నాడు ఆఫీసు తెరవగానే ఆమె డైరెక్టరు గారి గదిలోకి వెళ్లింది. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క కప్పను కూడా దగ్గర్నుంచి చూడలేదు.

"సార్, నిన్న సాయంత్రం కప్ప అరిచిందండీ."

డైరెక్టరు గారు లేచి, తలుపు మూసి, వచ్చి కూచున్నారు.

"ఎవరు విన్నారు?"

"నేనేనండీ. మా అత్తగారు కూడా."

"ఆ సమయంలో మీరేం చేస్తున్నారు?"

"బట్టలు తీస్తున్నానండీ."

"మరింకేం! బట్టలు తీసేటప్పుడు మీరు కోడలు. విన్నవి కోడలి చెవులు. ఆఫీసు చెవులు పదో తేదీకి గానీ రావమ్మా."

"రెండూ ఇవేనండీ" అని ఆమె తన చెవులు పట్టుకుని చూపించింది.

"చూడ్డానికి అలాగే ఉంటాయి" అన్నారాయన దయగా.

"సార్, పాత పుస్తకాలు తిరగేశాను. తేదీలు ముందుకు జరుగుతూ జరుగుతూ వచ్చి, మన దగ్గరికొచ్చేసరికి కొయ్యబారిపోయాయి. కప్పలు ఆగలేదు సార్. మనం రాయడం ఆపాం."

"నెమ్మదిగా మాట్లాడమ్మా" అని ఆయన అసలు సంగతి చెప్పారు. ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు ఒకావిడ దేశదేశాల రికార్డులు పోల్చి చూసిందట. వేడి పెరిగేకొద్దీ ప్రతిచోటా కప్పలు ముందుగా అరుస్తున్నాయట. లోకం మొత్తం మీద ఈ ఒక్క చెరువులోనే ఏ మార్పూ లేదట. ఎలా ఆపగలిగారో చూసి నేర్చుకోవడానికి బృందంతో సహా పదో తేదీన వస్తోంది. అవార్డు వచ్చే సూచనలు కూడా ఉన్నాయి. "అందాకా ఆ కప్ప కొంచెం నోరు మూసుకుంటే చాలు" అన్నారు డైరెక్టరు గారు.

విభాగం వెంటనే రంగంలోకి దిగింది. మొదట చెరువుగట్టున బోర్డు పాతారు: 'శ్రవణకాలమునకు ముందు అరచుట నిషేధము. ఉల్లంఘించినచో చర్య తీసుకొనబడును.' సాయంత్రానికి బోర్డు నీడన ఏడెనిమిది కప్పలు చేరాయి. చదివాయో లేదో తెలియదు గానీ, అరుపు మానలేదు.

చర్య ఎవరు తీసుకోవాలన్న దగ్గర చిన్న చిక్కొచ్చింది. నీళ్లలో ఉన్నంతసేపూ కప్ప నీటిపారుదల వాళ్లది. గట్టెక్కితే రెవిన్యూ వాళ్లది. ఒక కాలు నీళ్లలో, ఒక కాలు గట్టు మీద పెట్టుకున్న కప్ప విషయమై రెండు శాఖలూ పరస్పరం హృదయపూర్వకంగా ఉత్తరాలు రాసుకున్నాయి.

ఈలోగా కాలనీ వాళ్ల కోసం 'మండూక మిత్ర' అనే యాప్ విడుదలైంది. అందులో 'అరుపు వినలేదు' అన్న మీట నొక్కితే ధన్యవాదాలు వచ్చేవి. 'విన్నాను' నొక్కితే, కప్ప ఫొటో రెండు వైపులా జతచేసి, కప్ప మొబైలుకు వచ్చిన ఓటీపీ నమోదు చెయ్యమనేది. రెండు రోజుల్లో కాలనీ మొత్తం ఏమీ వినలేదని తేలింది.

అయినా కప్పలు తగ్గలేదు. వానచుక్క పడకపోతే అరవవు కదా అని చెరువు మీద షామియానా వేయించారు. వాన షామియానా మీద తప్పెట కొట్టింది, కింద కప్పలు అందుకున్నాయి, గుడ్డ కప్పు పుణ్యమాని ఆ కచేరీ మూడు వీధుల అవతలికి వినబడింది. చివరికి పట్టి డ్రమ్ములో వెయ్యమని అటెండరుకు ఆర్డరు వచ్చింది. ఆయన ఒక కప్పను లోపల వేస్తే రెండు బయటికి దూకాయి. కప్పల తక్కెడ అన్న మాట ఎలా పుట్టిందో ఆఫీసు యావత్తూ వరండాలో నిలబడి కళ్లారా చూసింది.

తర్వాత ఒకరోజు అరుపులు వాటంతటవే ఆగిపోయాయి. "చూశారా, క్రమశిక్షణ!" అన్నారు డైరెక్టరు గారు. శ్రవణాధికారిణి గట్టుకు వెళ్లి నీళ్లలోకి తొంగిచూసింది. క్రమశిక్షణ కాదు. వాటి పని అయిపోయింది. నీళ్ల నిండా కామాల్లాంటి పిల్లలు ఈదుతున్నాయి.

ఇక్కడ కొత్త సమస్య పుట్టింది. ఇన్నాళ్లూ అరవకుండా చెయ్యాలని తంటాలుపడ్డ విభాగానికి, పదో తేదీన అరిచే కప్ప ఒకటి కావలసొచ్చింది. అదృష్టం కొద్దీ అటెండరు గొంతు అందుకు అనువైనది. ఆయన మామూలుగా దగ్గినా జనం వెనక్కి తిరిగి చెరువు వైపు చూసేవాళ్లు. ఆయన్ను మధ్యాహ్నాలు పొదచాటున కూచోబెట్టి సాధన చేయించారు. శ్రవణాధికారిణికి మాత్రం ఒకటే పని. 'పై అరుపును నా చెవులారా వింటినని ధ్రువీకరించుచున్నాను' అన్న కాగితం మీద అతిథుల సమక్షంలో సంతకం పెట్టాలి.

ముందురోజు ఆమెకు అన్నం సయించలేదు.

"పెట్టకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు భర్త.

"ఉద్యోగం సంగతేమో గానీ, క్వార్టరు పోతుంది."

అతను కుళాయి వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు చూశాడు. "పోతే పోయింది. అమ్మకు మాత్రం చెప్పకు."

"చెప్పినా వినపడదు" అందామె. ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఎక్కువసేపు నిలవలేదు.

పదో తేదీన, చెరువు మీంచి గట్టుకు మార్చిన షామియానా కింద కుర్చీలు నిండాయి. పరిశోధకురాలు సన్నగా, ఎండకు కమిలిన మొహంతో, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టంతా తిరుగుతోంది. పదకొండయింది. డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. పొదలోంచి గంభీరంగా 'బెక, బెక' అని వినబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకు ఉబ్బిపోయిన పొద మరో నాలుగు బెకబెకలు అదనంగా వేసింది.

పరిశోధకురాలు చప్పట్లు కొట్టలేదు. మోకాళ్ల మీద కూచుని నీళ్లలోకి చూస్తోంది.

"ఇవి తోకకప్పలు. వెనక కాళ్లు కూడా వచ్చేశాయి. కప్ప ఇవాళే మొదటిసారి అరిస్తే పిల్లలు అప్పుడే ఇంతెలా పెరిగాయండీ?"

"అవి పోయినేటి బకాయిలమ్మా" అన్నారు డైరెక్టరు గారు తొణక్కుండా.

ఆవిడ లేచి శ్రవణాధికారిణి దగ్గరికి వచ్చింది. "వినేది మీరే కదా? ఇప్పుడు అరిచింది కప్పేనా?"

కాగితం బల్ల మీద రెపరెపలాడుతోంది. డైరెక్టరు గారు పెన్ను మూత తీసి పట్టుకున్నారు. అవతల క్వార్టరు గుమ్మంలో అత్తగారు, ఏం జరుగుతోందో తెలియకపోయినా, అందరితో పాటు తనూ చప్పట్లు కొడుతోంది.

"కాదండీ" అంది శ్రవణాధికారిణి. "ఇప్పుడు అరిచింది మా అటెండరు. కప్ప మూడు వారాల కిందటే అరిచింది. బట్టలు తీస్తూ విన్నాను."

పొద కదిలింది. అటెండరు జుట్టులో ఆకులతో లేచి నిలబడి, "నమస్కారమండీ" అన్నాడు.

పరిశోధకురాలు అక్కడే గట్టు మీద కూలబడింది. "మిగతా ఏళ్లు కూడా ఇంతేనా?"

"ముప్పై ఏళ్లూ ఇంతేనండీ."

"మొత్తం రికార్డులో మాకు బాగా కావలసినవి ఆ ముప్పై ఏళ్లేనమ్మా" అందావిడ. ఆ గొంతులో కోపం లేదు. ఎవరో పోయిన కబురు విన్నట్టుంది. "నిన్నటి సంగతి ఎవరైనా చెబుతారు. అప్పుడు ఈ చెరువులో కప్పలు ఎప్పుడు అరిచాయో ఇంకెవ్వరూ చెప్పలేరు."

"పదో తేదీనండీ" అన్నారు డైరెక్టరు గారు ఓదార్పుగా. "రాసి ఉంది."

బృందం భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయింది.

శ్రవణాధికారిణి సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. కానీ ఆమెను ఎవరూ కదిలించలేదు. విచారణాధికారి వచ్చి రెండు రోజులు తలపట్టుకున్నాడు. ఆమెను శిక్షించాలంటే ఆమె చెప్పింది తప్పని రుజువు చెయ్యాలి. అందుకు కప్పను పిలవాలి. పిలిస్తే అది ఎప్పుడు అరిచానని చెబుతుందో నమ్మకం లేదు. పాము చావకుండా కర్ర విరగకుండా ఆయన ఒక మార్గం కనిపెట్టాడు. విభాగంలో 'ముందస్తు అరుపుల సెల్' అని కొత్తది తెరిచి, దాని బాధ్యత ఆమెకే అప్పగించాడు. పదో తేదీ అరుపు పదో తేదీన యథావిధిగా జరుగుతుంది. (అటెండరు పోస్టు పర్మనెంటయింది.) అంతకు ముందు వచ్చే అరుపులను ఆమె వేరే పుస్తకంలో, విన్నది విన్నట్టు రాసుకోవచ్చు.

ఆమె సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ చెరువుకు మళ్లీ ఒక నిజమైన తేదీ రాబోతోంది. పరిశోధకురాలికి ఫోన్ చేసి చెప్పింది. "రాయండమ్మా, ఇప్పటి నుంచైనా రాయండి" అందావిడ.

మరుసటి ఏడు నెల ముందు నుంచే ఆమె గట్టు మీద కుర్చీ వేసుకుంది. పక్కన గొడుగు. ఒళ్లో పుస్తకం. సాయంత్రాలు అత్తగారు కూడా వచ్చి కూచునేది. మబ్బు పట్టినట్టే పట్టి విడిపోయేది. చెరువు మొదట అంచుల్లో తగ్గింది, తర్వాత మధ్యలో గుంట అయింది, తర్వాత ఆ గుంట బీటలు వారింది. పదో తేదీ వచ్చింది, అటెండరు తన విధి నిర్వర్తించాడు, వెళ్లాడు. ఆమె మాత్రం కుర్చీ తియ్యలేదు. వానాకాలం అయిపోయినట్టు కేలండరు చెప్పాక, భర్త వచ్చి కుర్చీ మడిచి లోపల పెట్టాడు. ఆ ఏడాది వాన రాలేదు. కప్ప అరవలేదు.

ఏడాది చివర పై ఆఫీసు నుంచి వార్షిక నివేదిక ఆమె సంతకానికి వచ్చింది. ఆమె సెల్ గురించి అందులో రెండే వాక్యాలున్నాయి: 'ఈ సంవత్సరము ముందస్తు అరుపు ఒక్కటియు నమోదు కాలేదు. అరికట్టవలెనన్న విభాగ లక్ష్యము నూటికి నూరు శాతము నెరవేరినది.'

ఆమె దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఎక్కడైనా ఒక్క అబద్ధం దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. సంతకం పెట్టింది.