డాక్టరమ్మకూ మా ఆవిడకూ మధ్య నేను

మానసిక వైద్యం ఆస్పత్రిలోనే జరగాలని ఎవరన్నారండీ? మా ఇంటి హాల్లో, సోఫా మీద, నా సమక్షంలో జరిగితేనే దానికి నిండుదనం! కరోనా ఈ దేశానికి చేసిన ఏకైక మేలు ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

మాది దేశ రాజధానిలోని సరోజినీ నగర్‌లో సర్కారీ క్వార్టరు. నేను సెక్షన్ ఆఫీసర్ని. మా ఆవిడ అనసూయకు ఉన్నట్టుండి గుండె దడ, కాళ్ళూ చేతులూ చల్లబడటం. అది మనసులోని ఆందోళన వల్లేనన్నారు. దానికోసం పెద్దాస్పత్రిలో ప్రత్యేకంగా ఒక క్లినిక్కు ఉండేది. డాక్టరమ్మకు తెలుగు రాదు. మా ఆవిడ హిందీ కూరగాయల బేరం దాటదు. అక్కడి నర్సు, తెనాలి నుంచి వచ్చిన లలితకుమారి గారు, మధ్యలో కూర్చుని ఇటుది అటు చెప్పేవారు. నన్ను మాత్రం బయట బెంచీ మీద కూర్చోబెట్టేవారు. భర్తను బెంచీ పాలు చేసేది కూడా ఒక వైద్యమేనా?

కరోనా రాగానే ఆ క్లినిక్కును కోవిడ్ వార్డు చేశారు. నర్సుగారికి అక్కడే డ్యూటీ వేశారు. అయినా వైద్యం ఆగలేదు! వీడియో కాల్లో డాక్టరమ్మ, సోఫాలో అనసూయ, పక్కన దుబాసీగా నేను. వెనకాల పై క్వార్టరు భానుమతి ఆంటీ, మాస్కులోంచి ఉచిత సలహాలు. ఇంతమంది నిపుణులు ఏ ఆస్పత్రిలో దొరుకుతారు?

పైగా ఎంత లావు ఫైలునైనా రెండు ముక్కల్లో తేల్చేస్తానని ఆఫీసులో నాకు పేరుంది.

"పొద్దున లేస్తే ఈయన ఇంట్లోనే ఉంటారండీ. పోపులో ఆవాలు ఎక్కువైనా సంజాయిషీ అడుగుతారు. నాకు ఊపిరాడటం లేదు," అంది అనసూయ.

అనవసరమైన వివరాలు కొట్టేసి, "సాంస్ లేనే మే దిక్కత్ హై, మేడమ్," అని ఊపిరి ఇబ్బంది ఒక్కటే చెప్పాను.

ఆ రోజుల్లో ఊపిరి మాట ఎత్తితే చాలు, ఎవరైనా ఉలిక్కిపడేవారు. "తురంత్ టెస్ట్ కరాయియే. రిపోర్ట్ ఆనే తక్ అలగ్ కమ్రే మే రఖియే," అంది డాక్టరమ్మ. అంటే వెంటనే టెస్టు, రిపోర్టు వచ్చేదాకా వేరే గది. భానుమతి ఆంటీ మెట్లెక్కిన వేగం చూసి తీరాలి.

అలా అనసూయ టెస్టు చేయించుకుని, పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అనుమానితుల బాగోగులు కనుక్కోవడానికి వార్డు నుంచి రోజూ ఆవిడకు ఫోను. చేసేది మన లలితకుమారి గారే. లోపల మాటలు, కాసేపు ఏడుపు, ఆ తర్వాత నవ్వు కూడా. నేను బయట అన్నం పళ్ళెం పట్టుకుని, అనువాదానికి సిద్ధంగా నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు.

చివరికి తెలిసినవాళ్ళందరినీ పట్టుకుని, రిపోర్టు సంగతి కనుక్కుని, తలుపు తట్టాను.

"అనసూయా, నెగెటివే వచ్చింది. ఇక బయటికి రా."

"నాకు నిన్ననే చెప్పారండీ," అంది లోపల్నుంచి. "దడ కూడా తగ్గింది. పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళండి."

పాఠకులారా, డాక్టరుందీ, మందులున్నాయీ, నేనున్నాను. వైద్యానికి ఏ లోటూ జరగలేదు. మా ఆవిడకు కావలసింది మాత్రం తన మాట అర్థమయ్యే ఒక మనిషీ, మూసుకునే ఒక తలుపూనట. ఆ రెండూ దొరకాలంటే ఆవిడకు కరోనా ఉందని అనుమానం రావలసి వచ్చింది.